పురుగును తిను మొక్కయు, పురుగు తిను పైరును



గడచిన వేసవిలో నేనొక చెల్క గ్రామమునకు పోయియుంటిని. చావడియొద్ద వేపచెట్టు నీడను పదిమంది కూర్చుండి వానల మాట, విత్తనముల మాట చెప్పుకొనుచుండిరి. వారిలో నొక వృద్ధుడు నన్ను చూచి, “అయ్యా, పురుగులను పట్టి తినే చెట్టు ఎక్కడనో ఉన్నదట గదా! ఆ చెట్లు నాలుగు తెచ్చి మా గట్ల మీద పెట్టుకుంటే ఈ గొంగడి పురుగు పీడ పోదా?” అని అడిగెను. ప్రక్కనున్నవారు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఒక్క వానకాలములో మూడుమారులు విత్తి మూడుమారులు పోగొట్టుకొన్న రైతు ఆయన. అట్టివాని ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆనాడు ఆయనకు చెప్పిన సమాధానమునే కొంత వివరించి నేడు మీకు మనవి చేయుచున్నాను.

అట్టి చెట్టు నిజముగా కలదు. మన దేశమునకు ఈశాన్యమున, మేఘాలయ రాష్ట్రములోని ఖాసీ, గారో, జయంతియా కొండలలో అది మొలచును. శాస్త్రజ్ఞులు దానిని నెపెంథిస్ ఖాసియానా అందురు. ఖాసీ ప్రజలు తమ భాషలో దానికి రాక్షసపుష్పమని అర్థము వచ్చు పేరు పెట్టుకొన్నారు. దాని ఆకుకొన తీగవలె సాగి, ఆ తీగ చివర చెంబువంటి తిత్తి యొకటి ఏర్పడును. తిత్తిపైన మూతవంటి రేకుండును. అంచున తీపి ద్రవము ఊరును. దానికాశపడి వచ్చిన చీమయో ఈగయో ఆ నున్నని అంచుమీద కాలుజారి లోపలి నీటిలో పడి చచ్చును. మొక్క దాని సారమును పీల్చుకొనును. అది పెరుగు నేలలో బలము తక్కువ. నేల ఇయ్యని నత్రజనిని అది ఈ విధముగా సంపాదించుకొనును. మన తెలంగాణమునందును వానలు వెనుకబట్టిన పిమ్మట తడినేలలలో ద్రోసెరా జాతి చిన్నమొక్కలు కనబడును. వాని ఆకులమీద మంచుబిందువులవలె జిగురు మెరయుచుండును. వాలిన దోమ ఆ జిగురులో చిక్కుకొని చచ్చును.

అయితే ఇందొక వింత కలదు. పురుగును మ్రింగు ఆ మొక్కకును పురుగు పట్టును. పేనుబంక, పిండినల్లి, పొలుసుపురుగు అనునవి తిత్తిలో పడవు. అవి ఆకు అడుగునను లేత చిగురులోను అంటుకొని రసము పీల్చి మొక్కను కృశింపజేయును. తోటలలో ఆ మొక్కను పెంచువారు అప్పుడేమి చేయుదురు? చూచినంతనే విషము చల్లరు. పురుగు పట్టిన కుండీని తక్కినవాని నుండి వేరుచేయుదురు. ఆకులను తిరగవేసి చూచి, తడిసిన దూదితో పురుగును తుడిచివేయుదురు. మిక్కిలిగా పట్టిన ఆకును త్రుంచివేయుదురు. ఏదైన చల్లక తప్పనప్పుడు తిత్తులలో పడకుండ వాని నోళ్లు కప్పుదురు. గ్రుడ్లు మరల పొదిగి పిల్లలగును గనుక కొన్ని దినములకు మరల వచ్చి చూతురు. ఇంతే వారి వైద్యము. కనిపెట్టి చూచుట, వేళకు పూనుకొనుట, చేతితో పోవుదానికి విషము వాడకుండుట అను మూడు మాటలలో అదంతయు ఇమిడియున్నది. ఈ మూడు మాటలు కొండమీది మొక్కకెంత పనికివచ్చునో మన చెల్కలోని ఆముదపు మొక్కకును అంతే పనికివచ్చును.

నల్లగొండ, మహబూబునగరము సీమలలోని ఎఱ్ఱచెల్కలు మీకు తెలియనివి కావు. పైమట్టి పలుచన, క్రింద మొరము, వాన మీది భారము. ఈ నేలలలో ఆముదము అనాదిగా మనకు ఆదరువు. నిజాము ప్రభుత్వకాలమున హైదరాబాదు సంస్థానము ఆముదపు పంటకు పేరొందియుండెను. తరువాత చాల చెల్కలలోనికి పత్తి వచ్చినను, నీరులేని నేలకు ఆముదము తగిన పైరను మాట పోలేదు. నేటి నాగరుకర్నూలు జిల్లాలోని పాలెము పరిశోధనా స్థానమున ఈ పైరు మేలురకములకై ఎంతో కృషి జరిగినది.

ఆముదపు గింజలో కఠినమైన విషము గలదు. అందుచేతనే దాని పిండిని పశువులకు పెట్టరు. అట్టి మొక్క ఆకునే రెండు పురుగులు కడుపార తినును. ఒకటి ఎఱ్ఱ గొంగళిపురుగు, రెండవది దాసరిపురుగు. పురుగును చంపు మొక్కకు పురుగు పట్టుట చూచితిమి. విషముగల మొక్కను పురుగు తినుట చూచుచున్నాము. కావున విషమున్నచోట పురుగుండదని నమ్ముట పొరపాటు.

మొదట ఎఱ్ఱ గొంగళిపురుగు సంగతి. శత్రువు నడవడి తెలియనిదే వానిని గెలువలేము. ఈ పురుగు సంవత్సరములో తొమ్మిదిపది నెలలు మన కాళ్లక్రిందనే, గట్లలోను చెట్లనీడలోను, నేలలో కోశము కట్టుకొని నిద్రించుచుండును. తొలకరిలో మొదటి పెద్దవాన పడి నేల తడిసినంతనే అది తెల్లరెక్కల తల్లిపురుగై ప్రొద్దుగ్రుంకిన పిమ్మట బయటికి వచ్చును. వచ్చిన రెండుమూడు దినములలోనే ఆకుల అడుగున గుంపులుగుంపులుగా గ్రుడ్లు పెట్టును. ఒక్క తల్లి కొన్ని వందల గ్రుడ్లు పెట్టును. మూడునాలుగు దినములలో అవి పిల్లలగును. పిల్లలు మొదట ఒకే ఆకుమీద గుంపుగానుండి పచ్చదనమును గీకి తినగా ఆ ఆకు జల్లెడవలె కాగితమువలె అగును. తరువాత అవి పెరిగి, ఎఱ్ఱని వెండ్రుకలు దాల్చి, దండువలె చేను విడిచి చేనికి సాగును. ఆముదము, పల్లి, నువ్వులు, జొన్న, కంది ఏదియు విడువవు. మొలక దశలోనే పైరు పోవును గనుక రైతు మరల విత్తవలసివచ్చును. నెల దాటి కొన్ని దినములకు అవి మరల నేలలో దూరి కోశములు కట్టుకొనును.

ఈ కథలో మనకు రెండు వేళలు దొరకుచున్నవి. తల్లిపురుగు దీపమునకు వచ్చు నాలుగు రాత్రులు మొదటి వేళ. పిల్లలు ఒకే ఆకుమీద గుంపుగానుండు నాలుగైదు దినములు రెండవ వేళ. ఈ రెండును తప్పినచో, వెండ్రుకలు మొలచిన పెద్దపురుగును మందు కూడ సులభముగా చంపజాలదు.

ఇది నేను పుస్తకములో చదివి చెప్పుచున్న మాట కాదు. నా చేతులు కాల్చుకొని నేర్చినది. నేను యౌవనమందున్నప్పుడు మా యూరిలో పెద్దలు చాటింపు వేయించి, మొదటి పెద్దవాన పడిన రాత్రినుండి ఎవరి చేనిగట్టున వారు మంట వేయవలెనని కట్టడి చేసిరి. నేను వేయలేదు. పట్టణము నుండి తెచ్చిన మందు డబ్బాలు ఇంటనుండగా ఈ పాతకాలపు మంటలెందుకని పరిహసించితిని. నా చేనిని ఆనుకొని ఒక వితంతువు రెండెకరాల చెల్క గలదు. ఆమె తన చిన్నకొడుకుతో కూడ మూడు రాత్రులు మంట వేసి కాచుకొన్నది.

ఇరువది దినములకు నా చేను ఎఱ్ఱబారెను. మా జీతగానిచేత మందు కొట్టించితిని. ముక్కుకు గుడ్డ లేదు, చేతికి తొడుగు లేదు, గాలి ఎదురు. పురుగు అంతగా చావలేదు. సాయంకాలమునకు వాడు నోట నురుగు వచ్చి పడిపోయెను. బండిమీద ఆసుపత్రికి కొనిపోయి అతికష్టముమీద బ్రతికించుకొంటిమి. కన్ను తెరచి వాడన్న మాట నేటికిని మరువలేను. “పటేలా, పురుగు సావలే. నేనే సచ్చేటోణ్ణి.”

అంతటితో ముగియలేదు. నా చేనిలో ఆకు అయిపోగా ఆ దండు గట్టు దాటి రెండు రాత్రులలో ఆ వితంతువు మొలకలను తినివేసెను. ఆమె నన్ను తిట్టలేదు. మా వాకిట నిలిచి, “మంట నేను పెట్టిన, పురుగు నువ్వు పెంచినవ్ పటేలా” అని మాత్రమన్నది. నేనామెకు మరల విత్తనములిచ్చితిని. గడచిపోయిన అదను మాత్రము ఇయ్యలేకపోతిని.

పెద్దలారా! ఈ ఒక్క మాటకొరకే నేనీ ప్రసంగము చేయుచున్నాను. రెక్కల పురుగునకు పట్టా హద్దులు తెలియవు. ఊరంతయు కాచి ఒక్కడు కాయకున్నను ఊరు కాచినట్లు కాదు.

పురుగుమందు లేకుండ గ్రామమంతయు కలసి ఈ పురుగును అణచవచ్చునని తెలంగాణమునందే చేసి చూపినారు. 1989 మొదలు 1993 వరకు శాస్త్రజ్ఞులు, వ్యవసాయ శాఖవారు, స్వచ్ఛంద సేవాసంస్థలవారు, రైతులు కలసి తెలంగాణములోని ఆరు జిల్లాలలో 95 గ్రామములలో ఈ పని సాగించిరి. వారు క్రొత్తయంత్రమేదియు కనిపెట్టలేదు. పురుగు నడవడిని రైతులతో కూర్చుండి పరిశీలించి, అది ఎప్పుడు బలహీనమో అప్పుడు కొట్టిరి. ఆ పద్ధతులను క్రమముగా చెప్పెదను.

మొదటిది వేసవి దుక్కి. వేసవి వానలు పడినప్పుడు లోతుగా దున్నినయెడల కోశములు పైకి వచ్చి ఎండకు మాడును. నాగలి వెంట వచ్చు కొంగలు, గోరింకలు తక్కినవానిని ఏరుకొని తినును. గట్లమీదను చెట్లక్రిందను పారతో త్రవ్వి చూచుట మరువరాదు.

రెండవది మంట. మృగశిరలోగాని ఆర్ద్రలోగాని నేల బాగుగా తడిసిన మొదటి వాన పడిననాటినుండి వరుసగా మూడునాలుగు రాత్రులు, దీపములు పెట్టిన వేళనుండి ఒకజాము దాటువరకు, ఊరంతట ఒక్కసారిగా మంటలు వేయవలెను. కందికట్టె, పత్తికట్టె, ఎండిన కంప చాలును. ఇవి ముందుగానే పోగుచేసి తడియకుండ కప్పియుంచుకొనవలెను. వాన వచ్చిన తరువాత వెదకినచో దొరకవు. గడ్డివాములకు, గుడిసెలకు దూరముగా వేయవలెను. గాలి చూచుకొనవలెను. కడవతో నీళ్లు దగ్గర నుంచుకొనవలెను. మంట ఆరువరకు పెద్దవారొకరు కావలియుండవలెను. మంట వేయుటకు వీలులేనిచోట లాంతరుగాని విద్యుద్దీపముగాని పెట్టి, దానిక్రింద వెడల్పు పళ్లెములో నీరు పోసి కొంచెము కిరసనాయిలు కలిపినను పురుగు అందులో పడి చచ్చును. దీపమునకు మేలుచేయు పురుగులు కూడ వచ్చును గనుక ఈ పని ఆ కొద్ది రాత్రులకే పరిమితము కావలెను.

లెక్క చూడుడు. ఒక మంటలో నూరు తల్లులు పడినవనుకొనుడు. అందులో సగము ఆడవైనచో, ఒక్కొక్కదానికి 500 గ్రుడ్ల చొప్పున 25,000 పిల్లలు పుట్టకముందే పోయినట్లు. ఈ పని చేయగల మందు ఏ అంగడిలోను లేదు.

మూడవది గ్రుడ్లను, పిల్లలను ఏరుట. మంటలైన వారమునకు చేనిలో నడచి, జల్లెడపడిన ఆకులను త్రుంచి సబ్బునీటిలో ముంచవలెను. పిల్లలు విడిపోకముందు ఒక ఆకు త్రుంచిన ఒక గుంపు పోవును.

నాలుగవది కందకము. ప్రక్కచేనినుండి దండు వచ్చుచున్నదని తెలిసినంతనే గట్టువెంబడి అడుగు లోతున నిట్టనిలువుగా కందకము త్రవ్వి, అందులో జిల్లేడు మండలు, అడవి ఆముదపు కొమ్మలు వేయవలెను. పురుగులు వానికాశపడి చేరును. తెల్లవారగానే పూడ్చివేయవలెను. వెండ్రుకలు గ్రుచ్చుకొని దురదపెట్టును గనుక వట్టిచేతితో ముట్టరాదు.

ఇక దాసరిపురుగు. ఇది నడుము విల్లువలె వంచి నడచును. ఆకంతయు తిని ఈనెలు మిగుల్చును. దీనిని చూచి వెంటనే భయపడనక్కరలేదు. ఆకులో నాల్గవవంతు పోయినను ఆముదము కోలుకొనగలదు. ముందుగా పురుగును పట్టుకొని దాని వెనుకభాగము చూడుడు. అక్కడ చిన్నగూడొకటి అంటియున్నచో సంతోషింపుడు. అది ఒక చిన్న కందిరీగజాతి పిల్ల కట్టుకొన్న గూడు. ఆ ఈగ దాసరిపురుగులో గ్రుడ్డు పెట్టును. పిల్ల లోపల పెరిగి పురుగును చంపి బయటికి వచ్చును. మేఘాలయపు మొక్క చెంబుతో చేయు పనిని మన చేనిలో ఈ చిన్న ఈగ కూలి లేకుండ చేయుచున్నది. అట్టి గూళ్లు కనబడుచుండగా విషము చల్లినచో పురుగుకంటె ముందు మనకు మేలుచేయు ఈగ చచ్చును. ఎకరమునకు పదిచోట్ల ఎండుకొమ్మలు పాతినచో పాలపిట్టలు, గోరింకలు వాలి పెద్దపురుగులను ఏరుకొని తినును. అప్పటికిని ఆగనిచో, పురుగు చిన్నదిగానున్నప్పుడు వేపకషాయము చల్లవచ్చును. 5 కిలోల వేపగింజల పప్పు పొడి మూటగట్టి రాత్రంతయు నీట నానవేసి, పిండి వడగట్టి, 100 లీటర్ల నీటికి పెంచి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి సాయంకాలమున చల్లవలెను.

మందు ఎన్నడును ముట్టరాదని నేననను. వ్యవసాయాధికారి చూచి తప్పదన్నప్పుడు, ఆయన చెప్పినదే, చెప్పినంతయే వాడవలెను. కొట్టువానికి నిండుగా గుడ్డలుండవలెను. ముక్కు, నోరు కప్పియుండవలెను. గాలికి ఎదురుగా నడువరాదు. పని ముగిసినపిమ్మట సబ్బుతో స్నానము చేయక అన్నము ముట్టరాదు. ఒంట్లో తేడా కనబడినచో గుడ్డలు తీసివేసి, ఒడలు కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి కొనిపోవలెను. ఖాళీ డబ్బాను ఇంటికి తేనేరాదు. 2013 జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రపు సారన్ జిల్లాలో బడిలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలో తేలెను. 1997-98లో వరంగల్లు సీమలో పురుగు తగిలి పత్తి పోయి, అప్పు మిగిలి, ఎందరో రైతులు పైరును కాపాడలేని ఆ మందునే త్రాగి ప్రాణములు విడిచిరి. ఇంటిలో విషము దాచినప్పుడు అది పురుగుకొరకే వేచియుండదని మనము మరువరాదు.

ఆ త్రోవనుండి మరలివచ్చిన గ్రామములును గలవు. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామము 2004 నాటికి పురుగుమందులను పూర్తిగా మానుకొన్నది. నేటి జనగామ జిల్లాలోని ఏనెబావి 2006లో తన్ను సేంద్రియ గ్రామముగా ప్రకటించుకొన్నది. ఆ ఊళ్ల నేల బంగారము కాదు. ఆ ప్రజలు మనకంటె వేరు కారు. ఊరు కూర్చుండి ఒక మాటమీద నిలిచినది. అదియే వారి బలము.

కావున పెద్దలారా, ఈ పని మీది. యువకుడు మంట వేయగలడు. కాని ఊరినంతటిని ఒక్కరాత్రి మంట వేయించగలవారు మీరే. వేసవిలోనే చావడిలో కూర్చుండి, ఏ గట్టు ఎవరిదో, ఎవరి వంతు కట్టె ఎంతో వ్రాసికొనుడు. పొరుగూరి పెద్దలకు కబురంపుడు. కూలికి వలసపోయినవాని చేనిగట్టున ఎవరు మంట వేయవలెనో నిర్ణయింపుడు. ఒంటరి ఆడుదాని చేనియొద్ద తోడు నిలువుడు. మొదటివాన పడిననాటి సాయంకాలము చాటింపు వేయింపుడు.

ఆ వృద్ధునికి నేనేమి చెప్పితిననగా, “తాతా, ఆ చెట్టు మన చెల్కలో బ్రతుకదు, బ్రతికినను చీమను మ్రింగునేగాని దండును ఆపలేదు. మన పురుగును పట్టవలసిన తిత్తి ఊరి ఐకమత్యమే” అంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “అట్లయితే కంప ఇప్పటినుండే కొట్టి పెట్టవలె” అని లేచెను.

మీరును లేతురని నమ్ముచు సెలవు తీసికొనుచున్నాను.